గీయని గుమ్మడికాయ

కంప్యూటర్ తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుల సత్తా కొలిచే ప్రోగ్రాంలు తయారు చేసే చిన్న కంపెనీ అది, సికింద్రాబాద్‌లో ఒక మందుల దుకాణం పైన. ఈసారి కొలత కోసం సుకన్య బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌ను కంప్యూటర్‌లో కట్టింది. అందులో ప్రతి టమాటా, ప్రతి వంకాయా పాలిగన్లనే చిన్న చిన్న పలకలు అతికి చేసినదే. రాశులు పెంచేకొద్దీ పలకలు పెరగాలి, కార్డుకు ఆయాసం రావాలి, బొమ్మ నెమ్మదించాలి. ఒక దశ దాటాక అలా జరగడం లేదు. ఎన్ని బుట్టలు గుమ్మరించినా బొమ్మ హాయిగా కదులుతోంది.

మేనేజర్ సదాశివకు అది సంతోషమే. "మస్తుగుంది. సాయంత్రం కస్టమర్లకు పంపిద్దాం. సుకన్యా, నీ ఉద్యోగం పక్కా అయినట్టే పో," అన్నాడు.

పరీక్షించే పని కాలేబుది. భార్య గ్రేసీ పోయాక ఆయన డబ్బాలో పచ్చడి మెతుకులే ఉండేవి. సుకన్య ఏమీ అడగకుండా తన కూరలో సగం ఆయన డబ్బా మూతలో పెట్టేది. ఆ అమ్మాయి పనిలో తప్పు వెతకడం ఆయనకు ఇష్టం లేదు. అయినా వెతికాడు.

అన్నిటికన్నా చివర, కెమెరాకు ఎదురుగా, పెద్ద గుమ్మడికాయ పెట్టాడు. తెరమీద ఉత్త నేల కనిపించింది. వెనకనున్న టమాటాలు కొన్ని తీసేశాడు. గుమ్మడికాయ వచ్చి కూర్చుంది.

ఆయన సదాశివ గదికి పోలేదు. సుకన్య పక్కకు కుర్చీ లాక్కున్నాడు.

"ఎక్కడో హద్దు ఉందమ్మా. అది దాటినవాటిని గీయకుండానే వదిలేస్తోంది."

ఆమె మొహం పాలిపోయింది. "నేనే పెట్టిన సార్. మొదట్ల నా పాత లాప్‌టాప్ ఊకె ఆగిపోతుండె. తర్వాత తీసుడు మర్శిన."

"నువ్వే వెళ్లి చెప్పు. నా పేరు ఎత్తకు."

ఆమె వెళ్లింది. "హద్దు నేను పెట్టిన, కాలేబు సార్ పట్టుకున్నరు," అంది లోపల.

సదాశివ హద్దు తీయించి మళ్లీ నడిపించాడు. బొమ్మ ఈడ్చుకుంటూ, ఆగి ఆగి కదిలింది.

"గిప్పుడు అసలు బోయిన్‌పల్లి లెక్క ఉంది. లారీ ముంగటికి పోదు, ఎన్కకు పోదు," అన్నాడు.

"సార్, మరి నా ఉద్యోగం?"

"పంపినంక బయటపడితే పోతుండె. వాళ్లను వారం ఆగమంట, తిట్లు నేను పడ్త. పాత కొలతలన్నీ మల్ల తీయాలె, పోయి కూసో."

సుకన్య వచ్చి కూర్చుంది. పాత కొలతల్లో మొదటిది తెరిచింది. కాలేబు తన తెరవైపు తిరిగాడు.