ఏడో చోటు

ఆదివారం సంచికలో పనిచేసే ఆ సబ్ ఎడిటరు జీవితంలో సముద్రం చూసింది మూడుసార్లు. అందులో ఒకటి రైలు కిటికీలోంచి. అయినా సెలవుల సంచికకి "సముద్రపు ఊళ్ళో ఎక్కడ తినాలి: ఏడు చోట్లు" అన్న వ్యాసం ఆవిడ మీదే పడింది. ఆ ఊరు వెళ్ళాల్సిన విలేకరికి సరిగ్గా అప్పుడే గవదబిళ్ళలు లేచాయి మరి.

ఫోను ముందేసుకుని కూర్చుని ఆరు హోటళ్ళ సంగతులు నిజాయితీగానే సేకరించింది. ఏడోది దొరకలేదు.

"ఆరు సరిపోవాండీ?" అని ఎడిటర్ని అడిగింది.

"ఏడని పెద్దక్షరాల్లో బొమ్మ గీసేశారమ్మా" అన్నాడాయన గడియారం చూస్తూ.

పేజీ అచ్చుకి వెళ్ళడానికి పావుగంట ఉంది. ఆ పావుగంటలో ఆవిడ ఏడో చోటు వండి వార్చేసింది. "లైట్‌హౌస్ వెనక సందులో నీలం తలుపు ఇల్లు. బోర్డు ఉండదు. ఒక పెద్దావిడ మధ్యాహ్నం పూట చేపలు వేయించి పెడతారు. రుచి మొదటి ముద్దకి అర్థం కాదు. ఓపిక పట్టాలి." సముద్రపు ఊరన్నాక లైట్‌హౌస్ ఉంటుంది, దాని వెనక సందు ఉండక చస్తుందా అనుకుంది. నీలం తలుపు మాత్రం పూర్తిగా సొంత కవిత్వం.

రెండేళ్ళు గడిచాయి. తిట్లేమీ రాలేదు. పైగా ఏడో చోటుని మెచ్చుకుంటూ నాలుగు ఉత్తరాలొచ్చాయి. మనుషులు ఇంత సునాయాసంగా అబద్ధాలాడతారా అని ఆశ్చర్యపోయి, వాటిని సొరుగులో పడేసింది.

ఆవిడ భర్త భూములు కొలిచే సర్వేయరు. పెళ్ళాం పేరు అచ్చులో కనబడితే పొంగిపోయే రకం. ఆ వ్యాసాన్ని కత్తిరించి, తడిచెయ్యి తగిలినా పాడవకుండా ప్లాస్టిక్ అతికించి దాచుకున్నాడు. ఆవిడకి మాటమాత్రం చెప్పకుండా నాలుగు రోజులకి ఆ ఊళ్ళో గదులు తీసుకుని, వాళ్ళమ్మని కూడా బయల్దేరదీశాడు. రోజుకి రెండు చోట్ల చొప్పున, వరస తప్పకుండా తినిపించాడు. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఏడోది మిగిలింది.

"నాకు కడుపులో బాగాలేదండీ" అంది ఆవిడ, మంచం మీద అటు తిరిగి.

"ఆరు చోట్ల తిన్నప్పుడు లేని నొప్పి ఏడో చోటనేసరికి వచ్చిందా?" అన్నారు అత్తగారు.

లైట్‌హౌస్ దాటేదాకా ఆవిడ మనసులో ఒకటే మాట వల్లె వేసుకుంది. "అయ్యో, మూసేసినట్టున్నారండీ." సందు మలుపు తిరిగారు. ఓ ఇరవై మంది టోపీలు పెట్టుకుని, ఎండలో వరసగా నిలబడి ఉన్నారు. వరస కొసన తలుపు ఉంది. నీలం తలుపు. దేవుడనేవాడు ఉన్నాడేమోనని ఆవిడకి అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

గంట తర్వాత లోపలికి వెళ్ళగలిగారు. ముందుగదిలో నాలుగు బల్లలు, ఒకదాని ఎత్తు ఒకదానికి కలవదు. గోడమీద టెలిఫోన్ ఎక్స్ఛేంజి వీడ్కోలు సభ ఫోటో. చేతిలో గరిటెతో ఒక పెద్దావిడ వచ్చి, "ఎవరు కావాలి?" అంది. తర్వాత నాలిక్కరుచుకుని, "అదే, ఎన్ని చేపలు కావాలి?" అని దిద్దుకుంది. ముప్పై ఏళ్ళు ఆపరేటరుగా చేసిన నోరు మరి.

చేపలు వచ్చాయి. ఒకవైపు బొగ్గు, రెండోవైపు పచ్చి. చుట్టూ జనం కళ్ళు మూసుకుని నములుతున్నారు.

"ఓపిక పట్టండి. వస్తుంది" అని పక్కబల్ల టోపీ ఆయన గుసగుసగా ధైర్యం చెప్పాడు.

అత్తగారు ఓపిక పట్టలేదు. "ఏమమ్మా, ఉప్పు వెయ్యడం మర్చిపోయావా?" అని గట్టిగా అడిగారు.

కళ్ళు మూసుకున్నవాళ్ళంతా ఒక్కసారి కళ్ళు తెరిచారు. పెద్దావిడ మొహం మాత్రం చాటంతైంది. కుర్చీ లాక్కుని అత్తగారి పక్కన కూలబడింది.

"రెండేళ్ళకి ఒక్కరు నిజం చెప్పారు! నాకు వంట రాదమ్మా. ఉద్యోగమంతా క్యాంటీన్ తిండే. రిటైరయ్యాక ప్రశాంతంగా ఉంటుందని ఈ ఇంట్లో చేరాను. ఓ రోజు ఎవరో తలుపు కొట్టి చేపలేవీ అన్నారు. పొమ్మన్నాను. ఇంకొకరొచ్చారు. తలుపుకి తెల్లరంగు వేయించాను. గోరుతో గీకి, ఇదిగో కింద నీలమే ఉంది అన్నారు! అలా గీకి గీకి మళ్ళీ నీలం తలుపే చేసేశారు. ఓ వానలో ఒక జంట తడిసి ముద్దై వచ్చింది. జాలేసి, పిల్లి కోసం వేయించింది పెట్టాను. కళ్ళు మూసుకుని తిని, నాకు దండం పెట్టి వెళ్ళారు. అంతే, ఇక నా ఇల్లు నాది కాకుండా పోయింది. పేపర్లో అది రాసిన మనిషి ఒక్కసారి నా కంట పడితేనా..."

"పడిందండీ! ఈవిడే!" అన్నాడు సర్వేయరు, ఛాతీ విరుచుకుని.

ఎవరో చప్పట్లు కొట్టారు. పెద్దావిడ సబ్ ఎడిటర్ని నెత్తి నుంచి కాళ్ళదాకా చూసింది. "మీరు మా ఇంటికి ఎప్పుడొచ్చారు?"

సబ్ ఎడిటరు నోరు తెరిచింది. మళ్ళీ మూసేసి నీళ్ళగ్లాసు అందుకుంది. చెవులు వేడెక్కిపోయాయి. పెద్దావిడ ఆ మొహం చూసింది, పొంగిపోతున్న మొగుణ్ణి చూసింది, ఏం చెబుతుందోనని ముద్ద ఆపిన జనాన్ని చూసింది.

"ఆఁ, గుర్తొచ్చింది. వానాకాలంలో కదూ? రెండుసార్లు అడిగి మరీ వేయించుకున్నారు" అంది. "ఒకసారి వంటింట్లోకి రండి. మీతో పనుంది."

వంటింట్లో పెద్దావిడ గొంతు మారింది. "ఎందుకు రాశావు?"

"ఆరే దొరికాయండీ."

"ఆరే దొరికాయని నన్ను పుట్టించావన్నమాట."

"తప్పైపోయింది. మూసేశారని రాసేస్తాను."

"రాస్తే, ఆఖరిసారి చూసిపోదామని ఊళ్ళకి ఊళ్ళు దిగుతాయి. మీ జనం సంగతి నీకు తెలీదు."

ఈలోగా అత్తగారు లోపలికొచ్చి పెద్దావిడ చేతిలో గరిటె లాక్కున్నారు. "చేపకి ఉప్పు రాసి కాసేపు పక్కన పెట్టాలమ్మా. నూనె కాగేదాకా ముట్టుకోకు. ఊరికే కెలక్కు. కోడలికి చెప్పినట్టు చెబుతున్నా, మా కోడలు ఎలాగూ వినదు." సాయంత్రం దాకా అక్కడ వంట పాఠం నడిచింది. కోడలు పళ్ళేలు కడిగింది. సర్వేయరు టేపు తీసి బల్లల కాళ్ళు కొలిచాడు.

ఊరికి తిరిగొచ్చాక కూడా అత్తగారి పాఠాలు రోజూ ఫోన్లో సాగాయి. మూడు నెలల్లో పత్రికకి ఉత్తరాలు మొదలయ్యాయి. "ఏడో చోటు పాడైపోయింది. ఇప్పుడు మొదటి ముద్దకే అర్థమైపోతోంది." "ఎక్కడ పడితే అక్కడ దొరికే రుచి. మునుపటి నిజాయితీ లేదు." ఎడిటరు చదివి విచారించి, కొత్త జాబితాలోంచి దాన్ని కొట్టెయ్యమన్నాడు. ఆవిడ స్వహస్తాలతో, తృప్తిగా కొట్టేసింది.

జనం పల్చబడ్డారు. నిజంగా ఆకలేసినవాళ్ళు మాత్రం రోజుకి నలుగురైదుగురు వస్తున్నారట. వాళ్ళు కళ్ళు తెరుచుకునే తింటారట. "ఈమధ్య నేను వండింది నేనూ తింటున్నాను" అని పెద్దావిడ ఫోన్లో చెబితే, అత్తగారు పిల్ల పరీక్ష పాసైనంత సంబరపడ్డారు.

ఇక మొగుడి దగ్గర దాచలేక, ఓ ఆదివారం పొద్దున్న సబ్ ఎడిటరు జరిగిందంతా చెప్పేసింది. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు వెళ్ళకపోవడమేంటి? ఆవిడ నిన్ను గుర్తుపట్టింది కదా" అన్నాడు. "రెండుసార్లు అడిగి వేయించుకున్నావట. పనిలో పడి మర్చిపోయి ఉంటావు."

ఇంకా మాట్లాడబోయిన ఆవిడ భుజం తట్టి, ఆయన పేపరు అందుకున్నాడు.