బయటి నుంచి వేసిన తాళం

సైన్యం నుంచి బయటికొచ్చాక అతను ఏ ఊళ్లోనూ కుదురుగా ఉండలేదు. వెళ్లిన చోటల్లా ఏదో ఒక దౌర్జన్యం కంటబడేది, ఒళ్లు మండేది, ఎవణ్ణో ఒకణ్ణి చితక్కొట్టి బస్సెక్కేసేవాడు. ఆ రోజు దారిలో ఎక్కించుకున్న లారీ డ్రైవరు అతని వాలకం చూసి ‘మిలిటరీ’ అని పేరు పెట్టేశాడు. తన అక్క చేపల గిడ్డంగిలో పనిచేస్తుందనీ, అక్కడ సరుకు ఎక్కించుకుని, ఆమెను పలకరించి పోదామనీ చెప్పుకొచ్చాడు.

గేటు దాటగానే ఘాటు వాసన ముక్కులో సూదుల్లా గుచ్చింది. చేపల్ని చల్లబరిచే అమోనియా గొట్టం పగిలింది. లోపల్నుంచి ఆడవాళ్లు ఇనప తలుపు బాదుతున్నారు. తలుపుకి బయట తాళం.

మేస్త్రీ గోడ పక్కన ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. తాళం వేయకపోతే మాటిమాటికీ బయటికి పోతారట. యజమాని ఫోనెత్తడం లేదట. ఆయన చెప్పందే తీస్తే తన ఉద్యోగం ఊడుతుందట.

“లోపల మనుషులు చస్తున్నార్రా,” అన్నాడు మిలిటరీ.

“సార్‌ని అడగాలి.”

ఆ మాటతో అతనికి ఒళ్లు తెలియలేదు. మేస్త్రీని గోడకి అదిమాడు. కాపలావాడు కర్ర ఎత్తితే మణికట్టు మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడయింది. మేస్త్రీ జేబులోంచి తాళంచెవి లాగి తలుపు తీశాడు. డ్రైవరు నీళ్లలో ముంచి తెచ్చిన తువ్వాళ్లు మొహాలకి చుట్టుకుని, ఇద్దరూ వంగి లోపలికి దూరారు. పడిపోయినవాళ్లని ఒక్కొక్కరినే ఈడ్చుకొచ్చారు. అందరికన్నా చివర డ్రైవరు అక్క వచ్చింది, ఒక ముసలామెను లాక్కుంటూ. ముసలామెలో ప్రాణం లేదు.

యజమాని కారు దిగుతూనే సరుకు ఏమైందని అడిగాడు.

మిలిటరీ పిడికిలి లేచింది. అక్క దగ్గుతూనే ఆ చెయ్యి పట్టుకుంది.

“ఒక్కటి పీకి నీ దారిన నువ్వు పోతావు తమ్ముడూ. రేపు మళ్లీ ఆ తలుపు లోపల ఉండేది మేమేగా. ఏం జరిగిందో పోలీసులకి ఎవరు చెప్తారు? మా మాట వింటారా?”

పిడికిలి దించడానికి అతను పళ్లు బిగించాల్సి వచ్చింది. జన్మలో ఏ దెబ్బా అంత నొప్పి పెట్టలేదు.

పోలీసులొచ్చాక, తలుపు తెరిచే ఉందనీ, ఆడవాళ్లే కంగారుపడి తొక్కుకున్నారనీ యజమాని చెప్పాడు. మేస్త్రీ తలూపాడు.

“కాపలావాడి చెయ్యి విరిచింది నేనే, రాసుకోండి,” అన్నాడు మిలిటరీ ఇన్‌స్పెక్టరుతో. “ఎందుకు విరిచానో అదీ రాయండి.”

ఇన్‌స్పెక్టరు తటపటాయించాడు. ఆడవాళ్లు ముసలామె శవంతో గేటుకి అడ్డంగా కూర్చున్నారు. మిలిటరీతోపాటు యజమానిని కూడా ఎక్కిస్తేగానీ జీపు కదలనివ్వలేదు.

యజమాని మర్నాడే బెయిలు మీద ఇంటికెళ్లాడు. మిలిటరీ చాలా రోజులు లాకప్పులో మగ్గాడు. విడుదలయ్యాక బస్సెక్కలేదు. డ్రైవరు ఇంటి వసారాలో పడుకుని, ఒక లారీ షెడ్డులో పనికి కుదిరి, ప్రతి వాయిదాకీ వెళ్లి, తలుపుకి బయట తాళం ఉందన్న అదే మాట చెప్పాడు. బెదిరించడానికి వచ్చినవాళ్లకీ అదే చెప్పాడు. చివరికి మేస్త్రీ కూడా నోరు విప్పాడు.

యజమానికి శిక్షయితే పడింది, కానీ కంటితుడుపు శిక్ష. కోర్టు మెట్ల మీద మిలిటరీ కోపంగా కూర్చుండిపోయాడు. అక్క పక్కన నిలబడి, వకీలు పై కోర్టుకి వెళ్లొచ్చంటున్నాడని చెప్పింది.

“పద,” అంటూ లేచాడు.