తొమ్మిదో మంచం షీటు

పొద్దున్న ఎనిమిదింటికి రికార్డు రూము తాళం తీయడం, ఫ్యాను వేయడం, ఫోనును అరకు ఆనించి క్లాసు పెట్టుకోవడం. రికార్డక్క రోజు అలా మొదలవుతుంది. ఆసుపత్రి నేలమాళిగలో పద్దెనిమిదేళ్ళుగా కేస్ షీట్లు సర్దుతోంది కాబట్టి ఆ పేరు. నలభై మూడో ఏట హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో పీజీ మొదలుపెట్టింది, దూరవిద్యలో. రోగుల వివరాలు కంప్యూటర్లో ఎలా దాచాలి, అందులో అబద్ధం దూరితే ఎలా పట్టాలి, అదీ చదువు. "ఇప్పుడెందుకే నీకీ తద్దినం?" అన్నాడు మొగుడు. "పద్దెనిమిదేళ్ళు దుమ్ము దులిపాను, ఇక మనుషుల్ని దులుపుతా" అంది.

ఫోను ఆనించేది ఇప్పుడు వార్డుల్లో ఉన్నవాళ్ళ అర. అది ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. మనిషి మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఒంట్లో వేడి షీటులో ఉంటుంది, ఇంటికెళ్ళాక చల్లబడుతుంది. అందులో వింతేముంది! రూము ఊడ్చే ఆయమ్మ చలికాలంలో జ్వరాల కట్టతో మోకాళ్ళకి కాపడం పెట్టుకునేది. పూర్వం షీట్లు మంచాల దగ్గరే వేలాడేవి, దారినపోయే నర్సు చేయి తగిలితే చాలు, జ్వరం తెలిసిపోయేది. కంప్యూటర్లు వచ్చాక రోగి చేరిన రోజే షీటు కిందికొచ్చేస్తోంది.

ఆ రోజు ఆ ఆయమ్మే పైన వార్డులో తొమ్మిదో మంచం మీద ఉంది. కడుపు ఆపరేషనై మూడో రోజు.

అక్క పీజీ ప్రాజెక్టుకి అదే సాయంత్రం ఐదింటికి గడువు. అంతా సిద్ధం, ఆసుపత్రి పరిపాలన చూసే ఆఫీసరు, ఏ.ఓ. అంటే అందరి నోటా ఏవో గారు, ఆయన అనుమతి సంతకం ఒక్కటే తక్కువ. అది లేకపోతే రెండేళ్ళ చదువు గంగలో కలిసినట్టే. ఆయన అంతకుముందే కబురు పెట్టాడు: మూడో పట్టిక తీసేస్తే సంతకం.

మూడో పట్టికలో ఏముందంటారా? నాలుగు గంటలకోసారి రోగి జ్వరం, నాడి చూసి కంప్యూటర్లో ఎక్కించాలి. ఎక్కించకపోతే ఆ గడి ఎర్రబడుతుంది, ఎరుపు పైవాళ్ళకి కనబడుతుంది. ముప్పై రెండు మంచాలకి ఇద్దరు నర్సులు, ఎక్కడ చచ్చేది? ఇంకో నర్సుని వేయడం మాని ఏవో ఒక బటన్ పెట్టించాడు. అది నొక్కితే పొద్దుటి అంకెలే మళ్ళీ పడతాయి. ఎరుపు పోయింది, ఆయన బల్ల మీదికి షీల్డు వచ్చింది. రోజంతా అంకె మారని తొమ్మిది మందిని అక్క పట్టికలో పెట్టింది.

ఆ తొమ్మిది షీట్లూ సాక్ష్యంగా ట్రేలో వేసుకుని పదకొండింటికి పైకెళ్ళింది. ఒక్కదాన్నీ చేత్తో తడిమి చూడలేదు. ఆమె కూడా అంకెలే చూసింది. దానికి ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది.

"పట్టిక తీశావా?" అన్నాడు ఏవో. ట్రేలో పైనున్న షీటు మీద తన టీ కప్పు పెట్టాడు. ఆయన తిట్లు అయ్యేసరికి టీ చల్లారడం ఆఫీసులో అందరికీ తెలుసు.

"తియ్యను సార్. మూడు రోజుల కిందట కడుపు కోసినామెకి రోజంతా తొంభై ఎనిమిది పాయింట్ నాలుగే ఉంటుందా? నాడి డెబ్బై ఎనిమిదే ఉంటుందా? ఇవన్నీ కాకిలెక్కలు."

"నువ్వు గుమాస్తావి. డాక్టరువి కాదు."

"అంకె కదలట్లేదని చెప్పడానికి డాక్టరు కావాలా సార్? గోడ గడియారం ఆగిపోతే చిన్నపిల్ల కూడా చెబుతుంది!"

"గొంతు తగ్గించు. పట్టిక ఉంటే సంతకం లేదు. నర్సుల మీద మెమో కూడా వేస్తా."

అక్కకి ఒళ్ళు భగ్గుమంది. "బటన్ పెట్టింది మీరు, మెమోలు వాళ్ళకా? సిగ్గుండాలి!"

ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కప్పు ఎత్తి గుటకేశాడు. కెవ్వుమన్నాడు. ఇరవై నిమిషాల కిందటి టీ పొగలు కక్కుతోంది.

ఇద్దరూ షీటు వైపు చూశారు. తొమ్మిదో మంచం.

అక్క మెట్లెక్కి పరిగెత్తింది. స్క్రీన్ మీద తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. ఆయమ్మ పళ్ళు చలికి టకటక కొట్టుకుంటున్నాయి. థర్మామీటరు పెడితే నూట మూడున్నర. నర్సు ఏడ్చేసింది. "నిన్ను కాదమ్మా నేను తిట్టేది, డాక్టర్ని పిలు!" అని అరిచింది అక్క.

డాక్టరు వచ్చి పొట్ట నొక్కి చూసి గబగబా మందు ఎక్కించాడు. "జ్వరం ఎప్పుడు మొదలైంది?" అని అడిగాడు. నర్సులు చెప్పలేకపోయారు. కంప్యూటరూ చెప్పలేకపోయింది. వెనకే వచ్చిన ఏవో, కాలిన నాలుకతో, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "ఇంకో పూట గడిస్తే మనిషి దక్కేది కాదు" అన్నాడు డాక్టరు, ఆయన వైపే చూస్తూ.

నాలుగున్నరకి ఏవో నేలమాళిగకి దిగాడు. అన్నేళ్ళలో అదే మొదటిసారి. సంతకం పెట్టిన కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అక్క థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

లాప్‌టాప్ పట్టుకుని తొమ్మిదో మంచం పక్కన కూర్చుంది. షీటు గోరువెచ్చగా ఉంది. అక్క మాత్రం ఇంకా చల్లారలేదు.

"నా జ్వరం రాశావా?" అంది ఆయమ్మ, పీలగా.

"రాశాను, మూడో పట్టికలోనే. నూట మూడున్నర."

"ఆ కంప్యూటరు కూసిన అబద్ధమో?"

"అదీ పక్క గడిలోనే ఉంది."

"పెద్ద అక్షరాలతో పెట్టు తల్లీ" అంది ఆయమ్మ కళ్ళు మూసుకుంటూ. "ఏవో గారికి చత్వారం."