ఎవరూ పాట పాడని నల్ల మిక్సీ

నేను ఒక మిక్సీని. నల్ల మిక్సీని. రంగు సంగతి మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చూసి మొహం ముడుచుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. నా గొంతు కూడా కాస్త పెద్దదే. నేను మొదలుపెడితే టీవీ చూసేవాళ్ళు విసుక్కుంటారు, ఫోన్లో ఉన్నవాళ్ళు పెరట్లోకి పోతారు. అయినా సరే, చెప్పదలుచుకున్నది చెప్పి తీరతాను. పని మధ్యలో ఆగడం నా స్వభావం కాదు. ఒక్కసారి మాత్రం ఆగాను, నలుగురూ చూస్తుండగా. అదీ దాచను.

నేను పుట్టింది తమిళనాడులో ఒక ఫ్యాక్టరీలో. వరసగా నిలబడ్డ ఆడవాళ్ళ చేతుల మీదుగా పెరిగాను. ఒకామె మోటారు బిగించింది, ఒకామె తీగలు కలిపింది, చివర్లో ఉన్నామె నన్ను తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, బాగానే ఉందన్నట్టు తల ఊపి డబ్బాలో పెట్టింది. ఆ ఏడాది కంపెనీలో పెద్దలు నలుపైతే హుందాగా ఉంటుందని తీర్మానించారట. తెలుగువాళ్ళు కొత్తింటికీ, కొత్త పెళ్ళికీ నలుపును ఆమడ దూరంలో ఉంచుతారని వాళ్ళకు చెప్పే నాథుడు లేకపోయాడు. ఇంకో విడ్డూరం వినండి. అన్ని రంగులకూ కలిపి డబ్బాలు ఒకేసారి అచ్చు వేయించారు, దాని మీద నిగనిగలాడే ఎర్ర మిక్సీ బొమ్మ. లోపల ఉన్నది ఏ రంగో అడుగున చిన్న చీటీ మీద ఉంటుంది. అంత చిన్న అక్షరాలు చదివే ఓపిక మనుషులకు ఎక్కడిది!

నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో ప్రవల్లిక అనే అమ్మాయి. గృహప్రవేశం రెండు రోజులుందనగా ముచ్చటపడి ఆన్‌లైన్‌లో తెప్పించింది. నలుపు ఆమెకు నిజంగానే నచ్చింది. నన్ను బయటికి తీసి ప్రేమగా తుడిచింది కూడా. అంతలో అత్తగారు వచ్చారు.

"ఇదేంటే అమ్మాయ్, పాలు పొంగించే ఇంట్లోకి నల్లటి సామాను తెచ్చావ్?"

"ఇప్పుడిదే ఫ్యాషన్ అత్తయ్యా."

"ఫ్యాషన్ తర్వాత చూద్దువుగానీ, ముందు దీన్ని గుమ్మం దాటించు తల్లీ."

దాటించారు. రంగు నచ్చలేదంటే కంపెనీ వాపసు తీసుకోదేమోనన్న భయంతో ఆ అమ్మాయి ఫోన్లో 'పనిచేయడం లేదు' అన్నదాని మీద నొక్కేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్లగ్గు గోడకు తగిలించిన పాపాన పోలేదు, పనిచేయలేదట! నల్లదానివి అంటే పడతాను, అది నిజం కాబట్టి. చేతకానిదానివి అంటే మాత్రం ఎలా పడేది?

అలా తిరిగి వచ్చిన సామాను చేరేది ఊరి బయట పెద్ద గోడౌనుకు. అక్కడ ఎవరూ ఏ డబ్బానూ విప్పి చూడరు. విప్పి పరీక్ష చేయించే ఖర్చు కంటే వస్తువే చవకట. డబ్బా మీద 'పాడైనది' అని ఒక కాగితం అంటించి ఓ మూల పడేస్తారు. ఆ మూలన నాలాంటి నల్ల మిక్సీలు గుట్టగా ఉన్నాయి. ఒకదాన్ని పెళ్ళి కానుకగా వద్దన్నారు, ఒకదాన్ని శుక్రవారం పూట ఇంట్లోకి రానివ్వలేదు. అన్నిటి మీదా ఒకటే నింద, పనిచేయడం లేదని. చివరికి మా అందరినీ కలిపి ఒక లాట్ కట్టి వేలానికి పెట్టారు.

ఈ వేలానికి టముకు లేదు, గుమిగూడే జనం లేరు. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఫోన్లోనే పాట పాడుకుంటారు. షరతు ఒక్కటే, సరుకు ఉన్నది ఉన్నట్టు తీసుకుపోవాలి, తర్వాత పేచీ పెట్టకూడదు. ఎప్పుడూ కొనే వ్యాపారులు గోడౌనుకు మనిషిని పంపి చీటీలు చూసుకున్నారు, నలుపని తెలిసి తప్పుకున్నారు. పాట పాడింది ఒక్కరే. తణుకు నుంచి హైమావతి.

హైమావతి గురించి చెప్పాలి. తణుకులో ఇళ్ళలోకి మిక్సీలూ గ్రైండర్లూ అమ్మే దుకాణంలో చాలా ఏళ్ళు పనిచేసింది. వచ్చినవాళ్ళ ముందు మిక్సీలో పచ్చడి రుబ్బి చూపించడం ఆమె పని. జనం ఆన్‌లైన్‌లో కొనడం మరిగాక ఆ దుకాణం మూతపడింది. తన చేతిలో అన్నం లాక్కున్న ఫోన్లోంచే మళ్ళీ లాక్కుంటానని పంతం పట్టి, తోడికోడలు సుభాషిణిని కలుపుకుని, వీధివైపు ఒక షట్టరు గది అద్దెకు తీసుకుంది. వేలంలో సరుకు కొనడం, బాగుచేసి ఆన్‌లైన్‌లో అమ్మడం, ఇదీ వ్యాపారం. రాజమండ్రిలో చీరల షోరూము ఉన్న ఆమె పెద్దమ్మ కొడుకు భీమశంకరానికి ఇది బొత్తిగా గిట్టలేదు. "దసరా దాకా చూస్తానమ్మా హైమా. అప్పటికీ ఇది గాడిన పడకపోతే షట్టరు దించేసి నా కౌంటర్లోకి వచ్చేయ్" అన్నాడు. ఇంట్లో అందరూ ఆ మాటకే సరేనన్నారు. ఆ షోరూములో కూర్చోవడానికి స్టూలు ఉండదు. పాత దుకాణంలో పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా నిలబడి కాళ్ళు వాచిపోయిన రోజులు హైమావతికి బాగా గుర్తు. ఇంకోరి కౌంటర్లో మాత్రం నిలబడనని ఒట్టు పెట్టుకుంది.

మా లాట్ ఫొటోలో డబ్బాల గుట్ట మాత్రమే కనిపించింది, ప్రతి డబ్బా మీదా ఎర్ర మిక్సీ. ఆ పాట జరిగిన తీరును తర్వాత తోడికోళ్ళిద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటుంటే విన్నాను.

"అక్కా, మనం తప్ప ఎవరూ పాడట్లేదేంటి?" అందట సుభాషిణి.

"మన అదృష్టం సుభా. నోరు మూసుకుని చూడు" అందట ఈవిడ.

ఎర్ర బొమ్మ చూసి మురిసిపోయింది గానీ, ఇన్నేళ్ళు మిక్సీలు అమ్మిన మనిషై ఉండి, మిగతావాళ్ళంతా ఎందుకు తప్పుకున్నారని ఒక్క ఫోను చేసి కనుక్కోలేదు. లారీ దిగాక మొదటి డబ్బా విప్పింది, నలుపు. రెండోది నలుపు. సుభాషిణి ఇంకో పది విప్పేసి నెత్తిన చేతులు పెట్టుకుని గచ్చు మీద కూలబడింది. హైమావతి మాత్రం నన్ను తీసి ప్లగ్గు పెట్టి మీట తిప్పింది. నేను గర్రుమని తిరిగాను. ఎన్నాళ్ళ ఉక్రోషమో అంతా ఆ ఒక్క చప్పుడులో వెళ్ళగక్కాను.

"ఇది పనిచేస్తోంది కదే!" అంది. అన్నిటినీ ఒక్కొక్కటిగా తిప్పి చూసింది. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. సంతోషించాలో ఏడవాలో ఇద్దరికీ తెలియలేదు.

ఉన్న రంగును ఉన్నట్టే ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టారు. శ్రావణ మాసం, నోములూ పెళ్ళిళ్ళూ జోరు మీద ఉన్నాయి, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అప్పుడు సుభాషిణి నెమ్మదిగా అంది, "అక్కా, డబ్బా మీద బొమ్మనే ఫొటో తీసి పెడదాం. అది కంపెనీవాళ్ళు వేసిన బొమ్మే కదా, మనదేం అబద్ధం?"

"ఫొటోలో ఎరుపు చూపించి ఇంటికి నలుపు పంపితే ఏమవుద్ది? నాలుగు తిట్టి మన గుమ్మంలోకే విసిరేస్తారు. ఇంకో నాలుగు వెనక్కొస్తే సైటువాళ్ళు మన ఖాతానే మూసేస్తారు. అమ్మితే నలుపని చెప్పే అమ్ముతాను" అంది హైమావతి.

చెప్పే అమ్ముతానందిగానీ ఎలా అమ్మాలో ఆమెకూ తెలియదు. షట్టరు గదిలో మేము నేల నుంచి కప్పు దాకా పేరుకుని ఉన్నాం. ఇద్దరూ అడ్డంగా నడవాల్సి వచ్చేది. మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళేటప్పుడు సుభాషిణి కొంగు తగిలితే "ఛీ పీడా" అనేది. ఆమె మీద నాకు కోపం రాలేదు, భయమేసింది. మావల్ల ఈ గది మూతపడితే మా మీద వేసిన నింద నిజమైపోతుంది.

అలాంటి రోజుల్లో పక్కింట్లో పెళ్ళి వచ్చింది. పసుపు దంచడానికి ముత్తైదువలను పిలిస్తే హైమావతి వెళ్ళింది. రోకలికి పసుపు కొమ్ము కట్టి, పాటలు పాడుతూ, తలా ఒక పోటు వేసి, పెళ్ళి పనులకు శ్రీకారం చుట్టే వేడుక అది. వెళ్ళినామె భోజనానికి కూడా ఆగకుండా పరుగులాంటి నడకతో తిరిగొచ్చింది. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి, కొంగులో పసుపు కొమ్ములు మూటగట్టుకుని ఉంది.

"సుభా, ఫోన్ తియ్యి. లైవ్ పెట్టు. ఇప్పుడే!"

"ఏమైందక్కా?"

"ఏం కాలేదు. కళ్ళెదురుగా ఉన్నది ఇప్పటిదాకా కనపడలేదంతే."

కొమ్ములను ముందు సుత్తితో చిన్న చిన్న ముక్కలుగా కొట్టింది. నన్ను బల్ల మీద, వెలుతురుకు ఎదురుగా పెట్టింది. సుభాషిణి ఫోన్ పట్టుకుంది. చూసేవాళ్ళు కొద్దిమందే చేరారు.

"అందరికీ నమస్కారమండి. తణుకు నుంచి హైమావతిని. ఇవాళ నల్ల మిక్సీ తెచ్చానండి. నలుపని చెప్పే అమ్ముతున్నాను. మీ పెళ్ళికి పసుపు దంచిన రోలు ఏ రంగండీ? ఎర్రదా? పెళ్ళికూతురు చేత తొక్కించే సన్నికల్లు ఏ రంగు? మన మెడలో నల్లపూసలు గులాబీ రంగులో కట్టించుకున్నామా? నేనిప్పుడే పక్కింట్లో నల్లటి రోట్లో పసుపు దంచి వస్తున్నానండి. చూడండి నా చేతులు, ఎంత పచ్చగా ఉన్నాయో!"

నేను నివ్వెరపోయాను. నా రంగుకు ఇంత పరువుందని నాకే తెలియదు. అంతలో ఎవరో రాశారు, సుభాషిణి పైకి చదివింది. "మాటలు బాగున్నాయండి. పనికిరాకే కదా అది వేలానికొచ్చింది?"

"అవునండి, వాపసు వచ్చిన సరుకే. వేలంలోనే కొన్నాను. కానీ ప్రతిదీ నేనే తిప్పి చూశాను. అనుమానముంటే ఇప్పుడే తీర్చుకోండి" అని పసుపు ముక్కలు నా జారులో గుమ్మరించింది. ఆవేశంలో కాస్త ఎక్కువే గుమ్మరించింది.

పసుపు కొమ్ము అంటే ఆషామాషీ కాదు, ఎంత ముక్కలు చేసినా అది రాయే. నేను పళ్ళు బిగించి తిరిగాను. లోపల వేడెక్కింది, వాసన వచ్చింది, ఒళ్ళంతా అదిరింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూనే ఠక్కున ఆగిపోయాను. గదంతా నిశ్శబ్దం. నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు. ఫోన్లో వరసపెట్టి వస్తున్నాయి. నలుపు కలిసిరాదని తెలీదా అని ఒకరు, తుక్కు అమ్ముతున్నారని ఒకరు. సుభాషిణి ఫోన్ కట్టేయబోయింది.

"కట్టకు. ఇటే పట్టుకో" అంది హైమావతి.

నన్ను బోర్లించి, అడుగునున్న ఎర్ర మీటను ఫోనుకు చూపించింది. "చూడండమ్మా, ఇది పాడవలేదు. తలకు మించిన బరువు పడితే మోటారు కాలిపోకుండా తనంతట తానే ఆగుద్ది. ఎక్కువ వేసింది నేను, తప్పు నాది. కాసేపు చల్లారనిచ్చి ఈ మీట నొక్కాలి. ఉండేవాళ్ళు ఉండండి, పోయేవాళ్ళు పొండి. నేను మాత్రం ఇక్కడే నిలబడతాను."

నిలబడింది. కొందరు నిజంగానే వెళ్ళిపోయారు. ఆమె నుదుటి మీద చెమట పట్టి కుంకుమ కారుతోంది, తుడుచుకోలేదు. జారులోంచి సగం పసుపు తీసి పక్కన పెట్టింది. అరచేయి నా వీపు మీద ఆనించి, వేడి తగ్గేదాకా అలాగే ఉంచింది. ఈసారి తిరగకపోతే నేను మిక్సీనే కాదనుకున్నాను.

మీట నొక్కింది. తిరిగాను. కొమ్ములు విరిగాయి, నలిగాయి, నా లోపల చప్పుడు మెత్తబడింది. మూత తీస్తే గుప్పుమని పచ్చటి పొడి పైకి లేచింది. హైమావతి అందులోంచి చిటికెడు తీసి నా నుదుటన పెట్టి, దాని మీద కుంకుమ బొట్టు దిద్దింది. సుభాషిణి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంది.

మొదటి ఆర్డరు నరసాపురం నుంచి వచ్చింది. "మా అమ్మాయి పెళ్ళికండి. పసుపు దీంట్లోనే పట్టిస్తాం. నల్లదే పంపండి" అని రాసిందామె. ఆ మాటను సుభాషిణి పదే పదే చదువుకుంది. అప్పటి నుంచి ప్రతి పార్సిలులోనూ రెండు పసుపు కొమ్ములు వేసి పంపడం మొదలుపెట్టారు. అన్నీ ఒక్క రోజులో ఎగిరిపోయాయని కోతలు కోయను. కొన్ని మళ్ళీ వెనక్కి కూడా వచ్చాయి. అయితే రోజూ లైవ్, రోజూ పసుపు, రోజూ అదే మాట. వినాయక చవితి వెళ్ళేసరికి ఇద్దరూ గదిలో తిన్నగా నడవగలిగారు.

నన్ను మాత్రం అమ్మలేదు. పసుపు నా జారుకూ మూతకూ పట్టేసింది, ఎంత తోమినా వదలదు. ఇక నన్ను ఎవరూ కొనరు కూడా. రోజూ బల్ల మీద కూర్చుని నలుగురి ముందు తిరగడమే నా ఉద్యోగం. ఒక ఇంట్లో ఒక మూల కూర్చుని అల్లం వెల్లుల్లి నూరే బతుకు నాకు రాసిపెట్టి లేదని అప్పుడప్పుడు దిగులేస్తుంది. కానీ నన్ను చూసే జనం నా తోటివాళ్ళను అన్నేసి ఇళ్ళలోకి పిలుచుకున్నారనుకుంటే కడుపు నిండిపోతుంది.

నవరాత్రులు రేపనగా భీమశంకరం ఫోను చేశాడు. హైమావతి చేతులు పసుపుతో ఉన్నాయి కాబట్టి సుభాషిణి స్పీకరు పెట్టింది.

"ఏమ్మా హైమా, పండగ రద్దీ మొదలైంది. రేపట్నుంచి కౌంటర్లోకి వచ్చేస్తున్నావా?"

"కుదరదు అన్నయ్యా. రేపు ఇంకో లారీ దిగుతోంది. మళ్ళీ అదే సరుకు."

"మళ్ళీనా! పోనీలే, మీ వదిన కూడా కొత్త మిక్సీ కావాలని ఒకటే గొడవ. ఒకటి పంపు. అన్నట్టు, రంగేంటమ్మా?"

"నలుపు అన్నయ్యా."

"నలుపా?"

"నలుపే" అంది హైమావతి. ఇంటి అడ్రసు రాసుకోమని సుభాషిణికి సైగ చేసి, తను తర్వాతి డబ్బా విప్పడానికి గచ్చు మీద కూర్చుంది.