ఎండిన చప్పుడు

“సెవులకి ఆ డొప్పలు తగిలించుకుంటే నా మాటెలాగ ఇనబడతాది? మూడుపాల్లు పిలిసేను,” అన్నాడు మంగరాజు పెళ్లాంతో. అతని గుప్పిట్లో కాఫీ గింజలున్నాయి.

“రెండుపాల్లే,” అంది కనక హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చుకుంటూ. “మొదట నువ్వు పిలిసింది కుక్కని.”

కూతురు సోని కిసుక్కున నవ్వింది. అత్త యర్రమ్మ నవ్వలేదు. “గింజలు తిరగెయ్యే అంటే వాటి పక్కన ఫోను పెట్టి కూకుంటాది. అవేటి మాటాడతాయా?”

మాట్లాడవు గాని, కనక పాటల్లో మోగుతాయి. తడి గింజలు టార్పాలిన్ మీద పొర్లే మెత్తటి చప్పుడు, కాఫీపళ్ల తోలు ఒలిచే పల్పర్ మర గరగర, అత్త రోకలిపోటు, అన్నీ ఫోనులోకి ఎక్కించి, ముక్కలు చేసి దరువుగా పేర్చుకుంటుంది. ఆ పైన తనే పాడుతుంది. ‘ఒక్కసారి పిలువు, పనేమీ లేకుండా’ అన్న పాటను సోని నెట్‌లో పెడితే ఎక్కడెక్కడివాళ్లో విన్నారు. శనివారం విశాఖలో వచ్చి పాడమని పిలిచారు. ఇంటికొచ్చిన చుట్టాలకు మాత్రం మంగరాజు, “మా గుంట ఏదో సేసింది,” అని సోనిని చూపించాడు.

ఇప్పుడతను గుప్పిట తెచ్చి ఆమె చెవి పక్కన ఆడించాడు. పద్దెనిమిదేళ్లుగా ఇంతే. గింజలో తడి ఆరిందో లేదో ఆమె చప్పుడు విని చెబుతుంది. అతను రైతు సంఘంలో, “నాను సూసేను, ఎండింది,” అంటాడు. నిరుడు ఆమె పుట్టింట్లో ఉన్న నాలుగు రోజుల్లో తనే చూసి బస్తాలకెత్తితే గింజలన్నీ బూజు పట్టాయి. అప్పుడు మాత్రం అందరి నోటా కనక పేరే. ఇంటిది ఇంట్లో లేకపోతే అంతే మరి, అన్నారు. ఆమెకు కోపం రాలేదు. తడి గింజ చప్పుడు విన్నట్టే విని ఊరుకుంది.

“ఇంకా రెండెండలు కావాల,” అందిప్పుడు.

“అంటే శనోరం ఎత్తాల. ఆ పాటలోళ్లకి రానని సెప్పేసేవా?”

కనక హెడ్‌ఫోన్ల వైరు పీకేసి, ఫోను అరుగు మీద పెట్టి పాట నొక్కింది. ముగ్గురూ విన్నారు. చివర గింజలు గలగలమని ఆగిపోయాయి.

“మొదట ఇనబడింది పచ్చి. ఆకర్ని ఇనబడింది ఎండింది. పాట సోని ఫోన్లో ఉంది. అది ఇని, గుప్పిట్లోది ఇను. ఆకర్దానిలాగుంటే ఎత్తు.”

“మరి మద్దెన ఆ ఏడుపేటే?” అంది యర్రమ్మ.

“అది నానే అత్తా.”

కనక పార తీసుకుని గింజలు తిరగెయ్యడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే చెప్పింది.

“శనోరం తొలి బస్సుకి ఎల్తన్నాను. పనుంటే ఫోను సెయ్యకండి. ఊరికే అయితే సెయ్యండి.”