అద్దాల హాల్లో భాగ్యలక్ష్మి భోజనం

భాగ్యలక్ష్మి పోయిన మూడో రోజున పిట్ట ముట్టలేదు. అన్నం, మాంసం, గారెలు, ఆమెకు ప్రాణమైన చేపల పులుసు అన్నీ విస్తట్లో పెట్టి, సూరత్‌లోని ఆల్థాన్‌లో వాళ్లుండే బిల్డింగు డాబా మీద ఉంచారు. కాకులు వాలాయి, చూశాయి, పోయాయి. "కోరికేదో మిగిలింది బిడ్డా" అంది పక్కింటి లలితమ్మ. ఆ మాట భర్త లింగమూర్తి గుండెలో ముల్లులా దిగింది. తనతో వచ్చి ఈ సూరత్‌లో బట్ట నేసే సాంచాల చప్పుడు మధ్య బతుకంతా వెళ్లదీసిన మనిషి, చచ్చాక ఆకలితో తిరుగుతోందా?

ఏం కోరికో కూతురు సుమనకే తట్టింది. ఆదివారాలు డుమస్ బీచికి వెళ్లినప్పుడు బండి దగ్గర టమాటా భజియా తింటూ అందరూ సముద్రం చూస్తే, వాళ్లమ్మ మాత్రం రిసార్టు అద్దాల హాలు చూసేది. "గండ్ల ఏం తింటరో ఏమో!" అనేది.

"గదే బాపు, గంతే" అంది సుమన. నెలమాసికం రోజుకు రిసార్టులో ఇద్దరికీ టికెట్లు తీసింది. చేతికి నీలం పట్టీ కడతారు, ఇక రోజంతా ఎక్కడ ఏం తిన్నా బిల్లుండదు.

అంతా బాగానే ఉంది గానీ, కౌంటరులో అమ్మాయి లింగమూర్తి పంచె చూసి ఆగిపోయింది. కొలను పక్కన చాట్ తినొచ్చట, పచ్చికలో బఫే తినొచ్చట, అక్కడ ఏ బట్టలైనా ఫర్వాలేదట. అద్దాల హాల్లోకి మాత్రం ప్యాంటు, బూట్లు ఉండాల్సిందే. పెళ్లాం మాసికానికి పంచె కట్టుకోక ఇంకేం కట్టుకొస్తాడండీ మనిషి!

"పచ్చికల్నే పెడుదాం తియ్యి బాపు. కూడు గదే గద" అంది సుమన.

"మీ అమ్మ పచ్చిక దిక్కు సూసిందా?"

సుమన వెనక్కి వెళ్లింది. ఇలాంటి వాళ్ల కోసమే కౌంటరులో ఉంచిన నల్ల ప్యాంటు, బూట్లు అడిగి తెచ్చింది. ప్యాంటు ఇద్దరు పట్టేంత ఉంది. ఒక చేత్తో నడుం దగ్గర పట్టుకుని, గుండు మీద చెమట తుడుచుకుంటూ లింగమూర్తి లోపలికి నడిచాడు. భాగ్యలక్ష్మి చూసుంటే పొట్ట పట్టుకుని నవ్వేది.

చేప వేపుడు, పనీరు, పులావు, కేకు ముక్క, పేరు తెలియనివి కూడా పళ్లెంలో పెట్టించి బయటికి తీసుకెళ్తుంటే మేనేజరు అడ్డొచ్చాడు. "బాహర్ నహీఁ, కాకా. ఇక్కడే కూర్చుని ఎంతైనా తినండి" అన్నాడు హిందీలో.

"నాకు కాదు సాబ్, నా భార్యకు."

"అయితే మేడమ్‌ను లోపలికి పిలవండి. ఎక్కడున్నారు?"

ఇన్నేళ్లూ హిందీలోనే బేరాలాడాడు, హిందీలోనే సేఠ్‌తో కొట్లాడాడు. ఇప్పుడు మాత్రం కూతురి వైపు తిరిగాడు. సుమనే చెప్పింది, అమ్మ లేదని, కాకికి పెట్టాలని. మేనేజరు చెయ్యి దించేశాడు. శ్రాద్ధం రోజుల్లో తమ ఇంట్లోనూ కాకికి పెడతామంటూ తనే అద్దం తలుపు తీసి పట్టుకున్నాడు.

సముద్రం వైపు గోడ మీద పళ్లెం పెట్టి, ఎడంగా నిలబడ్డారు. ఒక కాకి వచ్చింది. మెడ వంచి చూసింది, రెండు గెంతులు గెంతి ఆగిపోయింది.

"ముట్టు భాగ్యా. పిల్లను మంచిగ సూసుకుంట. ఊరికి పోయి పోశమ్మకు బోనం జేపిస్త. ఇంకేం గావాలె నీకు?"

కాకి కదల్లేదు. వేపుడు చల్లారిపోయింది. లింగమూర్తి ఇసుకలో కూలబడ్డాడు. "ముడతలేదు బిడ్డా. నా మీద అలిగింది."

మాసికం రోజున పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లు నోట్లో మెతుకు పెట్టకూడదు. పొద్దుటి నుంచీ సుమనకూ పస్తే. తండ్రి ఎండిన మొహం చూస్తూ ఉన్నట్టుండి అంది: "బాపు, అమ్మ ఎన్నడన్న నీకన్న ముందుగాల తిన్నదా?"

లింగమూర్తి పళ్లెం వైపు చూశాడు. ఎక్కడ తిన్నది! రాత్రి డ్యూటీ అయి తెల్లారి వచ్చినా అన్నం గిన్నె మూత తియ్యకుండా కూర్చునేది. 'ఆలస్యమైతది, నువ్వు తిను' అని ఫోను చేసినా తినేది కాదు. ఆమె పోయిన నాటి నుంచి తనేమో కంచం ముందు కూర్చోవడం, ఒక ముద్ద కెలికి లేవడం.

లేచాడు. పిట్ట ముట్టని పళ్లెంలో చెయ్యి పెట్టాడు. కులపెద్దలు చూస్తే చీవాట్లు పెట్టేవాళ్లు, పెట్టనీ! చేప ముక్క తుంచి నోట్లో వేసుకుని, కాకికి కనబడేలా నమిలాడు.

"తింటున్న. సూడు, తింటున్న. ఇగ నువ్వు గూడ తిను."

నాలుగడుగులు వెనక్కి వేశాడో లేదో కాకి పళ్లెం అంచు మీదికి దూకింది. చేప ముక్క అందుకుంది. దాని వెనక ఇంకోటి వాలింది. సుమన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

లింగమూర్తి కాకులు బెదరకుండా గోడ చివరికి నడిచాడు. "నెల దినాలు నిన్ను పస్తులుంచితి గదనే" అంటూ అరువు ప్యాంటు చేతులతో పట్టుకుని, గోడకు తల ఆనించి బావురుమన్నాడు.