సగం గోళీ లెక్క

సొమ్మొకడిది, సోకొకడిదని ఊరికే అన్నారా? నాలుగేళ్ళు తిండీ నిద్రా మాని నేను వేసిన డిజైను మా ఆఫీసు గోడ మీద పోస్టరై వేలాడుతోంది. కింద ఒకే ఒక్క పేరు, మా డైరెక్టరుది. పది రోజులు నేను జ్వరంతో మంచం పడితే, నా కంప్యూటర్లోంచి ఫైలు తీసి తన పేరుతో పై కమిటీకి పంపేశాడు. అడిగితే నవ్వాడు.

"టీము పనే కదమ్మా, నీది నాది అంటావేంటి?"

మరి పోస్టరు మీద టీము ఏదయ్యా అని అడగాల్సింది. ఒళ్ళు మండిపోయి గది తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

మా పనేమిటో చెప్తాను. మిరియపు గింజంత గుల్ల గోళీ. దాని లోపలి గోడకి గడ్డకట్టిన హైడ్రోజను పూత. ఆ గోళీని చిన్న లోహపు డబ్బీ మధ్యలో నిలబెడతాం. రెండు వైపుల నుంచీ బరువైన అయాన్ల కిరణాలొచ్చి డబ్బీ చివర్లలో ఉన్న రెండు బిళ్ళలను కొడతాయి. బిళ్ళలు కాగి డబ్బీ అంతా ఎక్స్‌రేలు నిండుతాయి. ఆ వేడి గోళీని అన్ని వైపులా ఒకేలా నొక్కితేనే లోపలి హైడ్రోజను సూర్యుడిలోలాగా అంటుకుంటుంది. ఒక పక్క కాస్త ఎక్కువ నొక్కిందో, గోళీ జారి చితుకుతుంది, అంతే సంగతులు.

మొదట్లో మేమందరం సగం గోళీకే లెక్క కడతాం. మిగతా సగం అద్దంలో బొమ్మే అనుకుంటాం, కంప్యూటరుకి పని తగ్గుతుందని. కానీ మా యంత్రంలో ఎడమ దారి పొడుగు. అటు నుంచి వచ్చే కిరణం కాస్త నీరసపడి వస్తుంది. కాబట్టి రెండు బిళ్ళలూ ఒకేలా కాగాలంటే ఎడమ బిళ్ళ పలచగా ఉండాలి. జ్వరం రాకముందు వారమే మొత్తం గోళీకి లెక్క కట్టి ఆ సంగతి పట్టుకున్నాను. అది నా నోటుబుక్కులో ఉంది. దొంగ చేతికి చిక్కింది పాత సగం లెక్క.

చెప్పొచ్చు. చెప్పలేదు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడనీ అనుకున్నాను. ప్రయోగం రోజు కమిటీ అంతా ఎదురుగా కూర్చున్నప్పుడు వాడి మొహం ఎలా మాడుతుందో తలుచుకుంటూ మూడు నెలలు బతికాను. కనబడితే చాలు, "గుడ్ మార్నింగ్ సార్" అని మరీ తియ్యగా అనేదాన్ని.

గోళీలు చేసేది మా అక్క. సొంత అక్కే. కింది అంతస్తులో గోళీల గది ముప్ఫై ఏళ్ళుగా తనదే. తుమ్ము వస్తే ముందు గది బయటికి పరిగెత్తే రకం. ఈ ప్రయోగానికి ఒక్క గోళీ మీద నలభై రోజులు కూర్చుంది.

"ఇంత గుండ్రంగా నా జన్మలో చెయ్యలేదే. నీ డబ్బీలోకి వెళ్తుందని చేశాను," అంది.

నీ డబ్బీ అంది. వాడి డబ్బీ అనలేదు. నిజం నా గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

ప్రయోగం రోజు పొద్దున్నే మీట నొక్కారు. రెప్పపాటు కూడా పట్టలేదు. తెర మీద ఫోటో వచ్చింది. గోళీ ఎడమకి జారి, కాలి కింద పడ్డ ద్రాక్షపండులా ఉంది. నా లోపల ఎవరో ఈల వేశారు.

కమిటీ అధ్యక్షురాలు డైరెక్టరు వైపు తిరిగింది. వాడు తడుముకోలేదు.

"డిజైను నిక్షేపంగా ఉందండీ. గోళీయే గుండ్రంగా లేదు. చేసినావిడకి వయసైపోయింది, చూపు ఆనడం లేదు. ఆ గదిలో వేరే మనిషిని పెడదాం."

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు! వెనక వరసలో అక్క లేచి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నా చూపే తప్పిందేమోనండీ," అంది మెల్లగా.

ఇక ఆగలేదు నేను. నోటుబుక్కు తీసి బల్ల మీద పడేశాను.

"అక్క చూపుకేం రోగం లేదు. ఈయన నా దగ్గర కొట్టేసింది సగం లెక్క. ఎడమ బిళ్ళ ఎంత మందం ఉండాలో, ఎందుకుండాలో ఈయన్నే అడగండి."

అడిగారు. వాడు పోస్టరు వైపు చూశాడు, నా వైపు చూశాడు, నీళ్ళు నమిలాడు. మూడు నెలలు నేను కలగన్న మొహం అదే. కళ్ళారా చూశాను. ఏం హాయి!

అధ్యక్షురాలు నోటుబుక్కు తిరగేసి, "ఈ తేదీ మూడు నెలల కిందటిది కదా?" అంది.

"అవునండీ."

సాయంత్రానికల్లా వాడి కుర్చీ ఊడింది. డిజైను మీద నా పేరు పడింది. దాచినందుకు నాకూ ఆర్నెల్లు సస్పెన్షన్. పడితే పడింది. అక్క గది అక్కకే ఉంది, అది చాలు అనుకుంటూ మెట్ల దగ్గర తన కోసం నిలబడ్డాను.

వచ్చింది. "మూడు నెలల ముందే తెలుసా నీకు?"

"వాడికి బుద్ధి చెప్పాలనే అక్కా..."

"ఒక్కసారి కిందికొచ్చి, ఆగక్కా, ఇది చితికిపోయేదే అని చెప్పలేకపోయావా?"

చెయ్యి పట్టుకోబోయాను. విడిపించుకుంది.

"వాడు నీ నాలుగేళ్ళు దొంగిలించాడు, సరే. నా నలభై రోజులు ఎవరు దొంగిలించారే?"

మెట్లు దిగి, గోళీల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.